వేల్స్ పురుష క్వయర్లకు బహిరంగ లేఖ: మహిళలు కట్టిన పాటకు మీ కచేరీలో చోటివ్వండి

వేల్స్‌లోని పురుష క్వయర్ల కమిటీ పెద్దలకు, సంగీత దర్శకులకు, గాయక సోదరులకు నమస్కారం.

నేను గుంటూరులో పుట్టాను. చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ పెరిగాను. పెళ్లయ్యాక కార్డిఫ్ వచ్చి స్థిరపడ్డాను. మీ క్వయర్లలో ఒకదానికి సాధన రోజుల్లో పియానో వాయిస్తుంటాను. ఈ లేఖ ఇంగ్లిషు ప్రతి మీకు తపాలాలో వస్తుంది. తెలుగులో కూడా ప్రకటించడానికి కారణం ఉంది. ఈ దేశంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల ఆడపిల్లలు ఎంతోమంది పియానో, వయొలిన్ పరీక్షలు రాస్తున్నారు. మన ఊళ్ల చర్చిలలో నాలుగు గొంతుల హార్మనీ పాడుతూ, పాడిస్తూ ఉన్న స్త్రీలూ ఉన్నారు. వాళ్లలో సొంతంగా స్వరాలు కట్టే వాళ్లకు ఈ సంగతి తెలియాలి. నేను అడుగుతున్న తలుపు తెరుచుకుంటే అందులోంచి వాళ్లు కూడా రావచ్చు.

అడుగుతున్నది ఇది. పురుష క్వయర్ పాడే కొత్త పాటల కోసం మహిళా స్వరకర్తలకు ఒక స్వరరచన పోటీ పెట్టండి. గెలిచిన పాటను మీ కచేరీల్లో నిలబెట్టండి. మొదటి మాట మీలో చాలామందికి సులువుగానే నచ్చుతుంది. నా పట్టుదలంతా రెండో మాట మీద.

తెలుగు పాఠకుల కోసం కాస్త వివరం చెప్పాలి. వేల్స్‌లో పురుష క్వయర్ అంటే యాభై, అరవై, ఒక్కోచోట వందకు దగ్గరగా మగవాళ్లు నాలుగు వరుసలుగా నిలబడి పాడే బృందం. పై గొంతు నుంచి కింది గొంతు దాకా వరుసగా మొదటి టెనార్లు, రెండో టెనార్లు, బ్యారిటోన్లు, రెండో బాసులు. వీరిలో వృత్తి గాయకులు దాదాపు ఉండరు. ఒకప్పుడు గని కార్మికులు, రేకుల ఫ్యాక్టరీ పనివాళ్లు, పలకరాతి క్వారీ పనివాళ్లు. ఇప్పుడు పదవీ విరమణ చేసిన మాస్టర్లు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు. ట్రియోర్కీ క్వయర్ 1883లో మొదలైంది. డన్వాంట్ 1895 నాటిది. పెండిరస్ 1924లో, మోరిస్టన్ ఆర్ఫియస్ 1935లో పుట్టాయి. తెలుగు అభ్యుదయ సాహిత్యం చదివినవారికి అమెరికా నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ పేరు కొత్త కాదు. అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కున్న కాలంలో, 1957లో, అట్లాంటిక్ కింద వేసిన టెలిఫోన్ తీగ మీదుగా ఆయన పోర్త్‌కాల్‌లోని గని కార్మికుల ఉత్సవానికి పాడి వినిపించారు. ఇటు నుంచి ఆయనకు పాడి వినిపించింది ట్రియోర్కీ క్వయరే.

ఈ క్వయర్లు మగవాళ్లవే ఎందుకయ్యాయో కూడా చెప్పాలి. ఎవరి మీదా నింద వేయడానికి కాదు, చరిత్ర అలా నడిచింది. 1842 చట్టం స్త్రీలను భూగర్భ గనుల్లోకి దిగకుండా ఆపింది. ఆ తరువాత దక్షిణ వేల్స్ బొగ్గు లోయల్లో పని అంటే మగవాడి పని అయింది. పనిలో పక్కపక్కన నిలబడినవాళ్లే సాయంత్రం చర్చి హాల్లో పక్కపక్కన నిలబడి పాడారు. ఇంట్లో ఆడవాళ్లు బొగ్గుమసి కడగడానికి నీళ్లు కాచారు, బట్టలు ఉతికారు, మర్నాటి షిఫ్టుకు రొట్టె కట్టారు. గనుల దగ్గర స్నానపు గదులు వచ్చేదాకా ఆ చాకిరీకి అంతు లేదు. 1913లో దక్షిణ వేల్స్ సుమారు 5.7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వింది. అదే ఏడాది సెంగెనిడ్ గనిలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు చనిపోయారు. ఆ బొగ్గూ ఆ చావులూ కలిసి కట్టిన సంగీతం మీది. దాని మీద నాకున్న గౌరవం తక్కువది కాదు.

అబర్‌ఫాన్ సంగతి తెలిసినవాళ్లు ఈ క్వయర్లను తేలిగ్గా మాట్లాడలేరు. 1966 అక్టోబరు 21 ఉదయం బొగ్గు వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు పోయారు. ఆ దుఃఖంలో ఒకచోట చేరిన ఊరి మగవాళ్లు తరువాత ఒక క్వయర్‌గా ఏర్పడ్డారు. అదే ఇనిసోవెన్ క్వయర్. మాట్లాడలేని మనుషులకు పాడడం వీలైంది. ఇలాంటి సంప్రదాయాన్ని పలచన చేయమని నేనెందుకు అడుగుతాను? ఇది ఇంకో వందేళ్లు బతకాలనే అడుగుతున్నాను.

ఇక బీరువా దగ్గరకు వస్తాను.

నేను పియానో వాయించే క్వయర్‌కు చర్చి వెనక గదిలో ఒక పాత చెక్క బీరువా ఉంది. అందులో అట్టల మధ్య కట్టలు కట్టిన పాటల ప్రతులు. అంచులు చిట్లిపోయి, గోధుమరంగుకు తిరిగినవి చాలా ఉన్నాయి. పాత ప్రతుల్లో చాలావాటి మీద ఐదు గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ ఉండదు. డి, ఆర్, ఎం, ఎఫ్ అనే అక్షరాలు, వాటి మధ్య చుక్కలు, గీతలు మాత్రమే. ఒకసారి కచేరీకి పాటలు ఎంచే పని నాకు అప్పగించారు. ఒక్కో కట్ట విప్పి, కుడివైపు పైన అచ్చయిన స్వరకర్త పేరు చూస్తూ పోయాను. కింది అరకు వచ్చేసరికి చేతులు నల్లబడ్డాయి గానీ ఒక్క స్త్రీ పేరు తగలలేదు.

అయితే ఆ కాగితాల మీద స్త్రీల చేతిరాత ఉంది. నాకన్నా ముందు ఆ పియానో దగ్గర కూర్చున్నవాళ్ల పెన్సిల్ గుర్తులవి. ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో ఒక చిన్న కామా. రెండో బాసులు తొందరపడే చోట, జాగ్రత్తగా చూడమని ఒక కళ్లజోడు బొమ్మ. ఒక పాట మూడో పుటలో, టెనార్లు పైకి వెళ్లి శ్రుతి జారే చోట, స్వరం కింద గట్టిగా రెండు గీతలు గీసి, పక్కన ‘ఇక్కడ వాళ్లకు స్వరం అందించు’ అని రాసి ఉంది. ఆ గీతలు గీసిన ఆవిడ ఎవరో అక్కడ ఎవరికీ గుర్తు లేదు. కానీ ఆవిడకు ఆ గొంతుల గురించి తెలియనిది లేదు. ఎవరికి ఎంత ఊపిరి ఉంది, ఎవరు ఏ అచ్చు దగ్గర నోరు మూస్తారు, శీతకాలంలో ఏ స్వరం దొరకదు, అన్నీ తెలుసు. తరాల తరబడి మీ క్వయర్లలో పియానో దగ్గర కూర్చున్నది ఎక్కువగా స్త్రీలే. ‘ఆడవాళ్లకు మగ గొంతు కోసం రాయడం ఏం తెలుసు’ అని ఒక పెద్దమనిషి టీ తాగుతూ అన్నారు. మంచి మనిషే, చెడు ఉద్దేశంతో అనలేదు. ఆయనకు నేను చూపించింది ఆ పెన్సిల్ గీతల్నే.

ఆ డి, ఆర్, ఎం అక్షరాల సంగతి కూడా ఉంది. స్టాఫ్ నొటేషన్ చదవడం రాని గని కార్మికులు పెద్ద పెద్ద ఒరటోరియోలు (బైబిలు కథల సుదీర్ఘ బృందగానాలు) పాడగలిగారంటే దానికి కారణం టానిక్ సోల్ఫా పద్ధతి. ఏ శ్రుతి పెట్టుకున్నా ఆధార స్వరం ‘డో’యే. మన ఆధార షడ్జం లాంటిదే కనుక తెలుగు పాఠకులకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. ఈ పద్ధతిని ఊరూరా వ్యాప్తి చేసిన జాన్ కర్వెన్ పేరు మీలో అందరికీ తెలుసు. ఆయన దాన్ని ఎవరి దగ్గర తీసుకున్నారో ఎంతమందికి తెలుసు? నార్విచ్ నగరంలో పిల్లలకు పాట నేర్పిన సారా ఆన్ గ్లోవర్ దగ్గర. ఆమె 1835లో తన పద్ధతిని పుస్తకంగా అచ్చు వేశారు. కర్వెన్ దాన్ని మార్చి, పెంచి, దేశమంతా నడిపారు. 1860లలో వెల్ష్ భాషలో పాఠాలు వచ్చి లోయలన్నీ దాన్ని అందుకున్నాయి. ఇక్కడి మిషనరీల వెంట అది మన దేశానికీ చేరింది. మిజోరంలో నేటికీ కీర్తనల పుస్తకాలు సోల్ఫా అక్షరాలతోనే అచ్చవుతాయి. అంటే మీ తాతలకు చదవడం నేర్పిన పద్ధతికి పునాది వేసింది ఒక స్త్రీ. అదే పద్ధతిలో అచ్చయిన ప్రతుల మీద స్వరకర్తగా మాత్రం స్త్రీ పేరు లేదు. ఇది న్యాయం కాదు. దీన్ని సరిచేయడం ఇంకా మీ చేతిలోనే ఉంది.

వేల్స్‌లో రాయగల స్త్రీలు లేరా అంటే, ఎన్నడూ లేకుండా లేరు. ట్రిఫారెస్ట్‌లో 1891లో పుట్టిన మోర్విడ్ ఓవెన్ ఇరవై ఏడో పుట్టినరోజు కూడా చూడకుండా 1918లో ఒక శస్త్రచికిత్స తరువాత చనిపోయారు. ఆ కాస్త జీవితంలోనే పాటలు, పియానో రచనలు, వాద్యబృంద రచనలు, బృందగానాలు రాసి వదిలి వెళ్లారు. బారీలో పుట్టిన గ్రేస్ విలియమ్స్ (1906–1977) తండ్రి ఒక బాలుర క్వయర్‌ను నడిపేవారు. అంటే బృందగానం ఆమెకు ఇంట్లో అబ్బిన విద్య. లండన్‌లో వాన్ విలియమ్స్ దగ్గర, వియన్నాలో ఎగాన్ వెల్లెస్ దగ్గర చదివి, ఈ దేశంలో పూర్తి నిడివి సినిమాకు సంగీతం రాసిన మొదటి మహిళ అయ్యారు. హిలరీ టాన్ (1947–2023) రోండా బిడ్డ. బొగ్గు లోయలో పుట్టి, అమెరికాలో ప్రొఫెసరై, చివరిదాకా వేల్స్ కొండలను తన సంగీతంలో మోశారు. ఇలాంటి స్త్రీలను మీ క్వయర్లు ‘మాకొక పాట రాయండి’ అని పదే పదే అడిగి ఉంటే మీ బీరువా ఈరోజు వేరేలా ఉండేది. అడగలేదని తిట్టడం లేదు. ఇప్పుడు రాస్తున్నవాళ్లను ఇప్పుడే అడగమంటున్నాను.

మరో దేశంలో ఇది జరిగింది కూడా. ఎస్టోనియాలో పురుష క్వయర్లంటే మీకున్నంత ప్రాణం. అక్కడ ఎస్టెర్ మాగి (1922–2021) దశాబ్దాల పాటు మగ గొంతుల కోసం రాశారు. వారి పురాణ వీరుడి కథను పురుష క్వయర్‌కూ వాద్యబృందానికీ కాంటాటాగా, అంటే పలు భాగాల గానరచనగా, కట్టారు. అక్కడి మగవాళ్లు వాటిని తమ పాటలుగానే పాడుకున్నారు.

ఇక మీ నుంచి వచ్చే మొదటి ప్రశ్న నాకు తెలుసు. ‘స్త్రీలకు వేరే పోటీ ఎందుకు? అందరికీ కలిపి పెడదాం, మంచి పాట ఎవరు రాసినా గెలుస్తుంది.’ వినడానికి ఎంతో సమంజసంగా ఉంటుంది. కానీ అందరికీ అని ప్రకటించిన పోటీకి ఎవరు పంపుతారు? ఇప్పటికే మీ క్వయర్‌తో పరిచయం ఉన్నవాళ్లు, మీ గొంతుల పరిధి తెలిసినవాళ్లు, ఒకప్పుడు అందులో పాడినవాళ్లు. వాళ్లలో స్వరరచన చేసేవాళ్లు దాదాపు అంతా మగవాళ్లే. స్వరరచన చదివే అమ్మాయి మిశ్రమ క్వయర్‌లో పాడి ఉంటుంది, స్త్రీల క్వయర్‌లో పాడి ఉంటుంది. పురుష క్వయర్ మధ్యలో నిలబడే అవకాశం ఆమెకు పుట్టుకతోనే లేదు. వేరే పోటీ అంటే దయతలచి మార్కులు కలపడం కాదు. ఆమె వరకు రాని పిలుపును పేరు పెట్టి పంపడం.

పారిస్‌లో ప్రి ద రోమ్ పోటీ చూడండి. 1903 దాకా స్త్రీలను స్వరరచన పోటీలో కూర్చోనివ్వలేదు. తలుపు తీసిన పదేళ్లకు, 1913లో, పంతొమ్మిదేళ్ల లిలీ బూలాంజే మొదటి బహుమతి తీసుకుంది. ఆ పదేళ్లలో స్త్రీల ప్రతిభ కొత్తగా పుట్టుకొచ్చిందా? లేదు కదా.

రెండో ప్రశ్న నిర్ణయం గురించి. ఇక్కడ మీరు ఎవరి దగ్గరా నేర్చుకోవలసింది లేదు. మీ జాతీయ ఐస్టెడ్‌వోడ్‌లో, అంటే ఏటా జరిగే వెల్ష్ కవిత్వ, సంగీత పోటీల ఉత్సవంలో, కవి తన అసలు పేరు పెట్టడు, మారుపేరుతో పంపుతాడు. న్యాయనిర్ణేతలు పద్యాన్ని చూస్తారు, మనిషిని చూడరు. పెద్ద సభలో మారుపేరు పిలిచాక, వేల మంది మధ్య నుంచి ఒకరు లేచి నిలబడినప్పుడే ఆ కవి ఎవరో లోకానికి తెలుస్తుంది. అలా 1953లో డిలిస్ కడ్వాలడర్ లేచి నిలబడ్డారు, కిరీటం గెలిచిన మొదటి మహిళగా. 2001లో మెరెరిడ్ హాప్‌వుడ్ లేచి నిలబడ్డారు, కవి పీఠం గెలిచిన మొదటి మహిళగా. ఆమె తరువాత ఆ ఉత్సవానికే ప్రధాన పీఠాధిపతి అయ్యారు. ఈ పోటీ కూడా అలాగే మారుపేర్లతో జరగాలి. అందరూ స్త్రీలే అయినప్పుడు పేరు దాచడం దేనికంటారా? పేరున్న స్త్రీకీ, ఏ ఊరిదో తెలియని స్త్రీకీ మధ్య తేడా కూడా తేడాయే. కార్డిఫ్ సంగీత కళాశాల పట్టా ఉన్న ఆమెనూ, కూతుళ్లు పెద్దయ్యాక నలభై ఐదో ఏట స్వరాలు రాయడం మొదలుపెట్టిన ఆమెనూ కాగితం ఒక్కటే కొలవాలి.

పేరు దాచినా జనం ఎలా ఆలోచిస్తారో చెప్పే కథ ఒకటుంది. 1919లో అమెరికాలో ఎలిజబెత్ కూలిడ్జ్ పెట్టిన పోటీకి 72 రచనలు వచ్చాయి, పేర్లు లేకుండా. చివరికి రెండు సమానంగా నిలిచాయి. కూలిడ్జ్ తన ఓటు వేసి ఎర్నెస్ట్ బ్లాక్‌కు మొదటి బహుమతి ఇచ్చారు. రెండో రచన ఎవరిదని చూస్తే రెబెకా క్లార్క్ అని ఉంది. అంత మంచి సొనాటా ఒక స్త్రీ రాసిందంటే కొందరు నమ్మలేకపోయారు. అది బ్లాక్ మారుపేరై ఉంటుందని పుకారు పుట్టించారు. వందేళ్లు దాటింది. ఆ సొనాటా ఇప్పుడు వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) వాయించే ప్రతివారి చేతిలోనూ ఉంది. ఎందుకుంది? బహుమతి వచ్చిందని కాదు, రెండో స్థానమే కదా. అచ్చయింది కనుక, మళ్లీ మళ్లీ వాయించారు కనుక.

అసలు విషయం అక్కడే ఉంది. పోటీ పెట్టడం కష్టం కాదు. ఒక ప్రకటన, ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒక చెక్కు, ఒక ఫొటో. కొన్నేళ్ల కిందట ఒక క్వయర్ కొత్త పాటల పోటీ పెట్టింది. ఏ క్వయరో చెప్పను. గెలిచిన పాట ఒక స్త్రీ రాసింది, దానికి నేనే పియానో వాయించాను. మంచి పాట. మధ్యలో బ్యారిటోన్లకు ఒక్కళ్లకే నాలుగు మాత్రల పాటు రాగం వదిలి, మిగతా మూడు గొంతులూ కింద ఒకే స్వరం మీద ఆగే చోటు ఒకటి ఉంది. సాధనలో మొదటిసారి అది సరిగ్గా కుదిరినప్పుడు బ్యారిటోన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు రాగం దొరకడమే అరుదు, ఎప్పుడూ మధ్యలో ఇరుక్కుని ఉంటారు. కచేరీలో పాడారు, చప్పట్లు కొట్టారు, ఆమెకు పూలగుత్తి ఇచ్చారు. తరువాతి సాధనకు ఆ ప్రతులన్నీ పోగుచేసి కట్ట కట్టి తమ బీరువాలో పెట్టారు. మళ్లీ ఆ కట్ట విప్పలేదు. ఆమె కూడా మళ్లీ పురుష క్వయర్‌కు రాయలేదు. ఎందుకు రాస్తుంది?

అందుకే నేను డబ్బు గురించి ఎక్కువ అడగడం లేదు. బహుమతి మొత్తం మీ స్థోమతను బట్టి పెట్టండి. క్వయర్ల ఖాతాలు నాకు తెలియనివి కావు. రాఫెల్ (చిన్న లాటరీ) టికెట్లు అమ్మి బస్సు అద్దె కట్టే బృందాలు మీవి. కానీ పాటను మూడు సీజన్ల పాటు కచేరీల్లో ఉంచుతామని కాగితం మీద రాసి ఇవ్వండి. మీ క్వయర్లు ప్రతులు చూడకుండా పాడతాయి. అదే మీ ప్రత్యేకత, అదే మీ గర్వం. ఈ పాటను కూడా కంఠస్థం చేయండి. కంఠస్థమైన పాట బీరువాలోకి పోదు, మనుషుల్లో ఉండిపోతుంది. పెళ్లి విందులో, పబ్బులో, చావు ఇంట్లో పైకి వస్తుంది. జోసెఫ్ ప్యారీ 1875లో కట్టిన ప్రేమపాట ఈరోజుకీ మీ నోళ్లలో ఉండడానికి కారణం ఏ బహుమతీ కాదు, అది ప్రతులు అక్కరలేని పాట కావడమే.

నేను అడిగే ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: తుది ఎంపికకు ముందు, వడపోతలో నిలిచిన స్త్రీలను మీ సాధన గదిలోకి రానివ్వండి. ఒక్క సాయంత్రం కాదు, రెండు మూడు సార్లు. మొదటిసారి వాళ్లు వింటారు. రెండోసారి తమ చిత్తుప్రతి మీ గొంతుల్లో వింటారు. తప్పు దిద్దుకుంటారు. మూడోసారి మళ్లీ వింటారు.

ఎందుకంత అవసరమో స్వరకర్తలకు తెలుస్తుంది, మిగతావారికి చెబుతాను. మిశ్రమ క్వయర్‌లో స్త్రీల గొంతులు పైన, మగ గొంతులు కింద ఉంటాయి కాబట్టి చోటు విశాలంగా ఉంటుంది. పురుష క్వయర్‌కు పై స్థాయి ఒకటి పూర్తిగా లేదు. రెండో బాసుల అడుగు స్వరం నుంచి మొదటి టెనార్ల పై స్వరం దాకా లెక్కపెడితే రెండు స్థాయిలూ, పైన మరి కొంచెం. ఆ ఇరుకులో నాలుగు గొంతుల్ని సర్దాలి. మంద్రంలో షడ్జానికి పక్కనే గాంధారం పెడితే కాగితం మీద అందంగా ఉంటుంది, హాల్లో మసకబారిపోతుంది. అక్కడ పంచమం పెట్టి, గాంధారాన్ని పైన టెనార్లకు ఇస్తే నిలబడుతుంది. ఈ సంగతి పుస్తకంలో ఒక వాక్యంగా ఉంటుంది. కానీ అరవై మంది మధ్య నిలబడి, నేల కింద నుంచి అరికాళ్లకు ఆ పంచమం తగిలినప్పుడు గానీ ఒంటపట్టదు.

మొదటి టెనార్ల సంగతి మరీ ముఖ్యం. ప్రతి క్వయర్‌లోనూ ఆ వరుసే పలచన. వయసు మీదపడ్డ గొంతులు పై స్వరాన్ని ఒకసారి పట్టుకుంటాయి, రెండు పుటల పాటు అక్కడే ఉండమంటే అలసిపోతాయి, వాటితో పాటు శ్రుతి మొత్తం జారుతుంది. పియానో లేని పాటలో అరస్వరం దిగిపోయి ముగిసిన కచేరీలు మీకూ తెలుసు, నాకూ తెలుసు. పైకి వెళ్లడానికి మెట్లలా స్వరాలు ఇచ్చి, వెళ్లాక తొందరగా దించే రచన ఒకటి ఉంటుంది. పైన వదిలేసి వెళ్లిపోయే రచన ఇంకొకటి ఉంటుంది. ఈ తేడా మీ సాధన గదిలోనే తెలుస్తుంది. ఇప్పటిదాకా ఆ గదిలో ఏళ్ల తరబడి కూర్చునే భాగ్యం స్వరకర్తల్లో మగవాళ్లకే దక్కింది. మీరు వాళ్లకు ఉచితంగా ఇచ్చిన ఆ చదువునే స్త్రీలకూ ఇవ్వమంటున్నాను.

చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను. ప్రవేశ రుసుము పెట్టకండి. వయసు పరిమితి అసలే పెట్టకండి, ‘35 ఏళ్ల లోపు యువ స్వరకర్తలు’ అన్న షరతు కనిపించిన చోటల్లా పిల్లల్ని పెంచుతూ ఆ ఏళ్లు గడిపిన స్త్రీలందరూ బయట ఉండిపోతారు. నాలుగైదు నిమిషాల పాట చాలు. వెల్ష్ సాహిత్యానికి రాసేవాళ్లకు ఉచ్చారణ తెలిసిన ఒకరిని తోడివ్వండి, ఆ భాషలో ఊనిక ఎక్కడ పడుతుందో తెలియకుండా స్వరం కట్టడం కుదరదు. న్యాయనిర్ణేతల్లో కనీసం ఒకరు పాడే మనిషి ఉండాలి, రెండో బాసు అయితే మరీ మంచిది. గెలిచిన పాటను నాలుగు గొంతులకూ విడివిడిగా రికార్డు చేసి అందరికీ పంచండి, ఇతర క్వయర్లు కూడా నేర్చుకుంటాయి.

ఇంకో మాట. స్త్రీలు రాశారు కనుక పాట స్త్రీల గురించే ఉండాలని ఎవరూ షరతు పెట్టకూడదు. లాలిపాటలే రావాలని ఎదురుచూడకండి. బ్రిటిష్ స్వరకర్త ఎథెల్ స్మిత్ (1858–1944) కార్న్‌వాల్ తీరంలో ఓడలను రాళ్ల మీదికి లాగి దోచుకునే ఊరి కథను ఒపెరాగా కట్టారు. అది 1906లో లైప్‌జిగ్‌లో ప్రదర్శితమైంది. సముద్రం, హింస, మతోన్మాదం, ద్రోహం అన్నీ అందులో ఉన్నాయి. అదే స్మిత్ ఓటు హక్కు ఉద్యమంలో జైలుకు వెళ్లి, కింద ఆవరణలో తోటి ఖైదీలు తన పాట పాడుతుంటే కిటికీలోంచి పళ్లు తోముకునే బ్రష్షుతో తాళం వేశారు. మూతపడ్డ గని గురించి ఒక స్త్రీ రాయవచ్చు. 1984–85 గని కార్మికుల సమ్మెలో వంటశాలలు నడిపి ఊళ్లను బతికించిన స్త్రీల మనవరాలు ఆ సమ్మె గురించి మీ నోట పాడించవచ్చు. తాత ఊపిరితిత్తుల జబ్బు గురించి రాయవచ్చు. రగ్బీ గురించి కూడా రాయవచ్చు.

మీలో ఒకరిద్దరికి లోలోపల ఒక భయం ఉంటుందని నాకు తెలుసు. ముందు పాట, తరువాత దర్శకత్వం, తరువాత వరుసల్లోకి కూడా స్త్రీలు వస్తారని. దర్శకత్వం ఎప్పుడో వచ్చేసింది. ఫ్రోన్‌కసుల్టే క్వయర్‌కు ఆన్ అట్కిన్సన్, మోరిస్టన్ ఆర్ఫియస్‌కు జాయ్ అమన్ డేవిస్ సంగీత దర్శకత్వం వహించారు. ఆ క్వయర్ల మగతనం ఏమీ తగ్గలేదు, పాట తగ్గలేదు. మీ నాలుగు వరుసలు మగవాళ్లవిగానే ఉండనివ్వండి. ఆ నాదం వేరు, అది పోకూడదని నేనే ముందు నిలబడి వాదిస్తాను. రోండాలో చివరి గని మార్డీ 1990 డిసెంబరులో మూతపడింది. గనులు లేకుండా బతికిన క్వయర్లు మీవి. ఇప్పుడు ఖాళీ అవుతున్నవి మీ కుర్చీలు. కొత్త కుర్రాళ్లు రావడం లేదని ప్రతి వార్షిక సమావేశంలోనూ బాధపడతారు. వాళ్ల వయసువాళ్లు, వాళ్లతో చదువుకున్న అమ్మాయిలు రాసిన పాట మీ దగ్గర ఉంటే, రమ్మని పిలవడానికి మీ దగ్గర ఒక కొత్త కారణం ఉంటుంది.

తెలుగు చెల్లెళ్లకు, అమ్మాయిలకు కూడా ఒక మాట. మగ గొంతు పాడే పాటకు స్త్రీ బాణీ కట్టడం మనకు కొత్త కాదు. భానుమతి గారు 1950లలోనే సినిమాకు సంగీతం సమకూర్చారు. ఎం.ఎం. శ్రీలేఖ గారు ఎన్నో సినిమాలకు బాణీలు కట్టారు, గాయకులు పాడారు. హార్మనీ మీకు రాదనుకోవద్దు. చర్చిలో ఆల్టో (స్త్రీల కింది గొంతు) పాడుతూ పక్క వరుసలోని టెనార్ల తప్పు పట్టుకోగలిగినవాళ్లకు సగం విద్య వచ్చేసినట్టే. ఈ పోటీ ఎక్కడ మొదలైనా, మన రాగాల ఛాయలున్న నాలుగు గొంతుల పాట ఒకటి గుంటూరు నుంచో, విశాఖ నుంచో, సికింద్రాబాద్ నుంచో వెళ్లాలని నా కోరిక. రాసి నాకు చూపించాలనుకుంటే సంతోషంగా వాయించి వినిపిస్తాను.

కమిటీ పెద్దలారా, మీ వార్షిక సమావేశాలు దగ్గర పడుతున్నాయి. ఈ ఒక్క అంశాన్ని అజెండాలో చేర్చండి. ఒక్క క్వయర్‌కు భారమనిపిస్తే ఒకే లోయలోని మూడు నాలుగు క్వయర్లు కలిసి పెట్టండి. అప్పుడు గెలిచిన పాటకు మూడు నాలుగు వేదికలు కూడా దొరుకుతాయి. సాధన గదిలో చిత్తుప్రతులు పాడి చూసే సాయంత్రాలకు పియానో వాయించే పని నాకు వదిలేయండి. రుసుము అక్కరలేదు. తేదీలు ముందుగా చెబితే చాలు.

ఇట్లు,
మీ పియానో దగ్గర కూర్చునే తెలుగు మనిషి,
కార్డిఫ్